బాలవైద్యుడు లాసన్ విల్కిన్సు

మన యిండ్లలో పిల్లవానిని గోడకు ఆనించి నిలువబెట్టి, తలపై పలక యుంచి, బొగ్గుతో గీత గీయు తల్లిదండ్రులు పెక్కుమంది గలరు. నిరుటి గీతకంటె ఈ యేటి గీత రెండంగుళములు పైన నున్నచో ఇంటిల్లపాదికిని సంతోషము. రెండేండ్లు గడచినను గీత కదలకున్నచో తల్లికి కంటిమీద నిద్ర యుండదు. తాత పోలిక వచ్చినదని యొకరును, దిష్టి తగిలినదని మఱొకరును అందురు. ఆ గీత ఏల కదలలేదో, ఒక్కొక్కప్పుడు కదలరాని వేగముతో ఏల కదలునో విచారించుటకే తన జీవితములోని ఉత్తరార్ధము నంతయు వెచ్చించిన యొక వైద్యుని చరిత్రను ఈ సంవత్సరము మా చదువరులకు నివేదింపదలచితిమి. ఆయన పేరు డాక్టరు లాసన్ విల్కిన్సు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు రాష్ట్రమునకు చెందిన బాల్టిమోరు నగరము ఆయన జన్మస్థానము, కర్మస్థానము కూడను.

జెన్నరు, పాశ్చరు, కాక్ మున్నగువారి చరిత్రలు మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదివియే యుందురు. వారు పోరాడినది కంటికి కానరాని క్రిములతో. విల్కిన్సు పోరాడిన శత్రువు వెలుపలినుండి వచ్చునది కాదు. శరీరములోనే గింజంతయు, కాయంతయు ఉండు కొన్ని గ్రంథులు గలవు. అవి తమలో పుట్టిన రసములను ఏ నాళముగుండను పంపక నేరుగా రక్తములోనికి విడుచును. ఈ రసములకు హార్మోనులను పేరు 1905వ సంవత్సరమున స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞునివలన వ్యాప్తిలోనికి వచ్చెను. ఇవి ఆవగింజలో వెయ్యవవంతు తక్కువైనను ఎక్కువైనను పిల్లవాని పెరుగుదల తారుమారగును. పెద్దవారి విషయమున ఈ సంగతులు కొంత తెలిసిన పిమ్మటను, పిల్లల విషయమున చాలకాలము చీకటియే యుండెను. ఆ చీకటిలో దీపము పట్టినవారిలో విల్కిన్సు అగ్రగణ్యుడు.

ఆయన 1894వ సంవత్సరమున జన్మించెను. తండ్రియు వైద్యుడే. బాల్టిమోరులోని సుప్రసిద్ధమగు జాన్స్ హాప్కిన్సు వైద్యకళాశాల తెఱువబడినది 1893లో. అనగా ఈ కళాశాలయు ఈ విద్యార్థియు ఇంచుమించు ఒక్క యీడువారు. 1918లో అచ్చటనే వైద్యపట్టము పొంది, మొదటి మహాసంగ్రామకాలమున ఫ్రాన్సుదేశమున సైనిక వైద్యశాలలో పనిచేసి, పిమ్మట స్వనగరమునకు మరలి పిల్లల వైద్యుడుగా స్థిరపడెను. ఆ వృత్తిలో ఆయన ఇంచుమించు ఇరువదియైదేండ్లు గడపెను. పెన్సిలిను రాని కాలమది. కంఠసర్పియు, వేసవి అతిసారమును పసిబిడ్డలను కొనిపోవుచుండిన దినములు. అట్టి వైద్యునకు పగలు తీరిక యుండదు, రాత్రి నిద్రకు నమ్మకముండదు. అయినను విల్కిన్సు ఊరకుండలేదు. మూర్ఛరోగము గల పిల్లలకు క్రొవ్వుపదార్థములు హెచ్చుగా గల ఆహారనియమమువలన ఎట్టి ఫలము కలుగుచున్నదో ఏండ్లకొలది వ్రాసి యుంచుకొని, ఆ ఫలితములను 1937లో ప్రకటించెను. ఒక్కొక్క పిల్లవానిని ఏండ్లతరబడి విడువక చూచుటయు, చూచినదెల్ల కాగితముపై పెట్టుటయు ఆయనకు స్వభావము. తరువాతి పనికంతకును ఆ అలవాటే మూలధనమయ్యెను.

ఆ నగరమున హారియట్ లేను గృహమను పిల్లల వైద్యశాల యుండెను. దాని పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు పోజాలము. హారియట్ లేను అమెరికా అధ్యక్షుడైన జేమ్సు బుకానను మేనకోడలు. ఆయన అవివాహితుడగుటచే అధ్యక్షభవనములో గృహిణి స్థానమున నుండి అతిథులను ఆదరించినది ఆమెయే. తరువాత ఆమె వివాహమాడి ఇద్దరు కుమారులను కనెను. ఆ యిద్దరును చిన్నవయసుననే కీళ్లవాత జ్వరమునకు బలియైరి. ఆ తల్లి తన ధనమును రోగులైన పిల్లలకొఱకు వ్రాసి యిచ్చి మరణించెను. ఆ ధనముతో నిర్మింపబడిన వైద్యశాల 1912లో జాన్స్ హాప్కిన్సు ఆవరణమున తెఱువబడెను.

1927 మొదలుకొని ఆ వైద్యశాలకు అధిపతి డాక్టరు ఎడ్వర్డ్సు పార్కు. పిల్లల వ్యాధులన్నిటిని ఒక్కచోట కలగాపులగముగా చూచుటకంటె, ఒక్కొక్క విధమగు వ్యాధికి ఒక్కొక్క ప్రత్యేక శాఖ నేర్పరచుట మేలని ఆయన తలంచెను. హృద్రోగముల శాఖను డాక్టరు హెలెన్ టాసిగ్ అను వనిత కప్పగించెను. 1935లో గ్రంథుల వ్యాధులకొక శాఖను తెఱువవలసినదని విల్కిన్సును కోరెను. విల్కిన్సు సంతోషింపలేదు సరికదా, పార్కు తనను దొంగవైద్యునిగా చేయదలచెనా యని శంకించెనట.

ఆ శంకకు కారణము లేకపోలేదు. 1889లో పారిసు నగరమున బ్రౌన్-సెకార్డు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు జంతువుల గ్రంథులరసమును తన శరీరములోనికి ఎక్కించుకొని యౌవనము తిరిగివచ్చినదని ప్రకటించినది మొదలు, గ్రంథుల పేరిట వ్యాపారము హద్దుమీరెను. ఒకడు కోతిగ్రంథులను, మఱొకడు మేకగ్రంథులను మనుష్యుల కతికి ధనికుడయ్యెను. పొట్టివారికి, లావువారికి, మందబుద్ధులకు, అందఱికిని ఏదో యొక గ్రంథిపొడి మందులంగళ్లలో దొరకుచుండెను. ఈ చెత్తలో రెండు మేలిమి బంగారపు తునకలు మాత్రము లేకపోలేదు. మొదటిది 1891లో ఇంగ్లండు వైద్యుడు మఱ్ఱే గొఱ్ఱె థైరాయిడు రసముతో ఒక రోగినిని బాగుచేయుట. రెండవది 1922లో టొరాంటో నగరమున మధుమేహ రోగులకు ఇన్సులిను నిచ్చుట. తక్కిన వానిలో ఏది నిజమో ఏది బూటకమో తేల్చువాడు లేడు. పేరుగల వైద్యులు ఆ దిక్కునకే పోక తప్పుకొనుచుండిరి. ఇట్టి బురదలో దిగుటకు నలువదియొకటవయేట విల్కిన్సు తుద కంగీకరించెను. ఈ శాస్త్రమును ఆయనకు నేర్పినవారు లేరు. నేర్పుటకు పిల్లల విషయమున శాస్త్రమే లేదని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఆయన చేసిన మొదటి పని కొలుచుట. వచ్చిన ప్రతి శిశువును నిలువునను, కూర్చుండబెట్టియు కొలిచి, తూచి, ఛాయాచిత్రము తీయించి, చేతి మణికట్టును ఎక్స్-రే తీయించుచుండెను. మణికట్టునే ఏల? అప్పుడే పుట్టిన శిశువు మణికట్టులో గట్టిపడిన యెముక యొకటియు నుండదు; చిత్రమున అచ్చట శూన్యముగా కానవచ్చును. ఏండ్లు గడచినకొలది, చీకటిపడగా నక్షత్రములు ఒకటొకటిగా పొడసూపినట్లు, ఎనిమిది చిన్న యెముకలు ఒక క్రమమున తోచును. కావున ఆ చిత్రమును చూచి ఈ పిల్లవాని యెముకల వయసింతయని చెప్పవచ్చును. పదియేండ్ల పిల్లవాని యెముకలు నాలుగేండ్లవాని యెముకలవలె నుండవచ్చును. అయిదేండ్లవాని యెముకలు పండ్రెండేండ్లవానివలెను ఉండవచ్చును. పుట్టినతేది యొకటి, ఎముకల తేది యొకటి. ఈ రెండింటి నడిమి యెడమే విల్కిన్సునకు ప్రధానమగు ఆనవాలు.

ఈ పద్ధతితో ఆయన మొదట పరిశోధించినది కంఠమునందుండు థైరాయిడు గ్రంథి లోపమును. ఆ లోపముతో పుట్టిన శిశువు నాలుక మందముగను, చర్మము పొడిగను, కడుపు ఉబ్బియు ఉండును. ఏడ్పు తక్కువ. మంచిబిడ్డ, ఏడువదని తల్లి మురియవచ్చునుకూడ. నెలలు గడచిన పిదపనే బిడ్డ కూర్చుండకుండుటయు, నడువకుండుటయు తెలియవచ్చును. అట్టి పిల్లల యెముకల కొనలు ఒక్క కేంద్రమునుండి గట్టిపడక, చెదరిన నూకలవలె పెక్కు చుక్కలుగా గట్టిపడునని విల్కిన్సు 1941లో వివరించి వ్రాసెను. జంతువుల థైరాయిడు పొడి నిచ్చినచో ఈ పిల్లలు పెరుగుదురు, చర్మము నునుపెక్కును, మొగమున కళ వచ్చును. ఇంతవఱకు సంతోషమే. కాని మనస్సు మాట యేమి? ఆయనయు, ఆయన సహచరులగు స్మిత్తు, బ్లిజార్డు అనువారును 128 మంది పిల్లల చరిత్రలను పరిశీలించి 1957లో ప్రకటించిన వ్యాసమున దీనికి సమాధానము గలదు. శైశవమున మొదటి నెలలలోనే మందు మొదలిడిన పిల్లలలో బుద్ధి నిలుచుటకు అవకాశము మెండు. ఆలస్యమైనవారిలో ఎత్తు పెరిగినను బుద్ధి దానివెంట పెరుగలేదు. శరీరము ఆలస్యమును మన్నించును గాని, మెదడు మన్నింపదు. 1974లో కెనడాలోని క్యుబెక్కు రాష్ట్రమున పుట్టిన ప్రతి శిశువు నుండియు రక్తపుబొట్టును తీసి ఈ లోపమును వెదకుట మొదలిడుటకు ఇట్టి పరిశీలనలే ఆధారములు.

ఇప్పుడు, మేము ఈ వ్యాసమును వ్రాయుటకు ముఖ్యకారణమైన యొక బాలుని కథ చెప్పెదము.

ఆ బాలునకు మూడున్నరయేండ్లు. అంత చిన్నవయసుననే వాని శరీరమున యౌవనచిహ్నములు పొడసూపుచుండగా తల్లిదండ్రులు వానిని పరీక్షకొఱకు హారియట్ లేను వైద్యశాలలో చేర్చిరి. వైద్యశాలలో పిల్లలందఱికిని పెట్టు ఆహారమునే వానికిని పెట్టిరి. ఏడు దినములలో ఆ బాలుడు మరణించెను. ప్రాణాంతకమగు వ్యాధి యేదియు నున్నట్లు ముందు తెలియదు. మరణానంతరము పరీక్షింపగా, మూత్రపిండములమీద టోపీలవలె కూర్చుండు అడ్రినలు గ్రంథులు వ్యాధిగ్రస్తములై యుండుట కానవచ్చెను.

తరువాత తల్లిదండ్రులు వ్రాసి పంపిన జాబువలన అసలు సంగతి తెలిసినది. బాలునకు ఏడాది వయసుననే ఉప్పుబిస్కత్తులపైనున్న ఉప్పును నాకివేసి మరల ఇమ్మని మారాము చేయుట అలవాటయ్యెను. నమలలేని వయసున సయితము ఉప్పు మాంసపు ముక్కలను చప్పరించి ఉప్పంతయు పీల్చుచుండెను. భోజనమునకు కూర్చుండినప్పుడెల్ల అలమరవైపు వ్రేలు చూపి ఏడ్చెడివాడు. వానికేమి కావలెనో ఎవ్వరికిని తెలియలేదు. తుదకు తల్లి యెత్తుకొని అలమర యెదుట నిలుపగా, అన్ని వస్తువులలోను ఉప్పుసీసానే తడవుకొనక తీసికొనెను. ఏమి చేయునో చూతమని ఆమె దానిని వానికే విడువగా, ఉప్పును పోసికొని వ్రేలితో అద్దుకొని తినెను. వాడు మొదట నేర్చిన కొలది మాటలలో ఉప్పు అను మాట యొకటి. వంటలోని ఉప్పుగాక దినమున కొక చెంచాడు ఉప్పు తినుచు, నీరు విరివిగా త్రాగుచు, తీపిపదార్థముల జోలికి పోక, వాడు మూడున్నరయేండ్లు బ్రదికెను. వైద్యశాలలో ఉప్పుసీసా వానిచేతికి అందలేదు.

అదే విశ్వవిద్యాలయమున కర్టు రిక్టరను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరిశోధనములు చేయుచుండెను. అడ్రినలు గ్రంథులను తీసివేసిన యెలుకలు కొలదిదినములలో చచ్చును. అయినను వాని యెదుట మంచినీటితోపాటు ఉప్పునీటిని కూడ ఉంచినచో, ఉప్పునీటినే యెన్నుకొని త్రాగి బ్రదుకును. ఈ సంగతి ఆయన బాలుని సంగతికి మునుపే కనిపెట్టి ప్రకటించి యుండెను. విల్కిన్సును, రిక్టరును కలిసి ఆ బాలుని వృత్తాంతమును 1940లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిరి. ఉప్పును నిలుపుకొనలేని శరీరము, మూత్రములో కోల్పోయిన దానిని నోటిద్వారా అడిగి తెచ్చుకొనుచుండెను. ఎవ్వరును చెప్పకయే ఆ పసివాడు తన వ్యాధికి తానే మందు వేసికొనుచుండెను. మేలు చేయుటకు ఏర్పడిన వైద్యశాల తెలియక ఆ మందును మాన్పినది. ఈ మాటను దాచక తమ పేరులతో వ్రాసి లోకమునకు తెలిపినందుకు మేము విల్కిన్సును ఆయన తరువాతి విజయములకంటె ఎక్కువగా గౌరవింతుము.

ఇచ్చట తల్లిదండ్రులకు ఒక మాట. మన యూళ్లలో మన్ను తిను పిల్లవానిని, బలపము కొఱుకు పిల్లవానిని కొట్టుట వాడుక. రక్తములో ఇనుము తక్కువైన పిల్లలు అట్లు చేయుట కలదని వైద్యు లెఱుగుదురు. ఊరగాయపై ఆశపడు ప్రతి పిల్లవాడును రోగి యని మేము చెప్పుట లేదు. కొట్టుటకు ముందు వైద్యునకు చూపుడని మాత్రము మనవి.

ఆ బాలునకు పట్టిన వ్యాధి స్వభావము తేటపడుటకు మఱి పదియేండ్లు పట్టెను. దానిని మన డెల్టా కాలువల పోలికతో చెప్పిన సులువుగా బోధపడును. అడ్రినలు గ్రంథిలో నొకే ముడిపదార్థమునుండి కాలువలు చీలినట్లుగా పెక్కు హార్మోనులు తయారగును. ఒకటి శరీరబలమును నిలుపు కార్టిసాలు. ఒకటి ఉప్పును కాపాడునది. మఱియొకటి పురుషలక్షణములను కలిగించునది. పుట్టుకతోనే మొదటి రెండు కాలువల తూము మూసికొనిపోయినదనుకొనుడు. ఆ పొలములు ఎండును. తలలోనుండు పిట్యూటరీ గ్రంథి కాలువ లస్కరు వంటిది. ఎండిన పొలమునుండి కేక విన్నకొలది ఇంకను నీరు వదలును. తూము మూసియున్నందున ఆ నీరంతయు మూడవ పొలమునే ముంచివేయును. లస్కరు తన విధి తాను చేయుచున్నాడు. ముంపు మాత్రము పెరుగుచున్నది. ఇందువలననే ఈ వ్యాధిగల పిల్లలు మొదట ఈడుకు మించి పెరుగుదురు. తరగతిలో అందఱికంటె పొడవు. ఎముకల కొనలు త్వరగా మూసికొనిపోవుటచే తరువాత పెరుగుదల నిలిచి, తోడివారందఱు దాటిపోగా పొట్టివారుగా నిలిచిపోవుదురు. ఈ వ్యాధితో పుట్టిన ఆడుశిశువులను మగశిశువులని భ్రమించుటయు కలదు. ఉప్పు నిలువని శిశువులు పుట్టిన రెండు మూడు వారములలోనే వాంతులతో క్షీణించి, కారణము తెలియకయే మరణించుచుండిరి.

గ్రంథి యుబ్బి యెక్కువగా పనిచేయుచున్నదని తోచినప్పుడు దానిని కోసి చిన్నది చేయుదమనుట సహజమగు ఆలోచన. విల్కిన్సునకు తట్టిన ఆలోచన దానికి విరుద్ధము. పనిచేయుచున్న గ్రంథికి అదే గ్రంథి హార్మోను నిచ్చినచో ఏమగును? ఎండిన పొలమునకు బిందెలతో నీరు పోసినచో కేక ఆగును, లస్కరు కాలువ కట్టివేయును, ముంపు తీయును. 1948లో మేయో వైద్యశాలయందు కెండాలు, హెంచి అనువారు కీళ్లవాతమునకు వాడి లోకమును ఆశ్చర్యపఱచిన కార్టిజోను అను మందు అప్పటికి ఎద్దుల పైత్యరసమునుండి తయారగుచుండెను. అది మిక్కిలి కొఱతగా దొరకు వస్తువు. 1950 ఆరంభమున విల్కిన్సును, ఆయన సహచరులును కొంత సంపాదించి ఈ వ్యాధికి వాడి చూచిరి. మూత్రములో వెలువడు పురుషహార్మోనుల అవశేషములు కొలదిదినములలోనే దిగజారెను. అదే కాలమున బోస్టను నగరమున బార్టరు, ఆల్బ్రైటు మున్నగువారును స్వతంత్రముగా ఇట్టి ఫలితమునే కనుగొనిరి. 1952లో ఉప్పు నిలువని పసిశిశువుల చికిత్సనుగూర్చియు విల్కిన్సు బృందము వ్రాసెను. ఉప్పుసీసాకై ఏడ్చిన బాలుడు పోయిన తరువాత అట్టివారు బ్రదుకుటకు మార్గమేర్పడెను.

ఆ మార్గము సుగమమని తలంపరాదు. కార్టిజోను తక్కువైనచో ముంపు తగ్గదు. ఎక్కువైనచో ఆ మందే పిల్లవాని పెరుగుదలను అడ్డును. గోడమీది గీత అతివేగముగా కదలినను తప్పే, నిలిచినను తప్పే. జ్వరము వచ్చినప్పుడు మోతాదు పెంచవలెను. మందు జీవితాంతము మానరాదు. కావున మొదటి దినమునుండి విల్కిన్సు పట్టుకొన్న కొలబద్దయు, ఎక్స్-రే చిత్రమును ఇచ్చట మఱింత అవసరమయ్యెను. ఇట్టి పని ఒకనాటి మేధాశక్తితో అగునది కాదు. ఏండ్లకొలది అదే పిల్లవానిని అదే గోడవద్ద కొలుచువాడు కావలెను.

1946లో ఆయన స్వంతవృత్తిని మాని పూర్తిగా వైద్యశాలకే అంకితుడయ్యెను. 1950లో పిల్లల యొక్కయు, కౌమారవయస్కుల యొక్కయు హార్మోను వ్యాధుల నిర్ణయమును, చికిత్సను గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడెను. దానిలో పెక్కు భాగము ఆయన స్వయముగా చూచిన పిల్లల చరిత్రలే. ఎదుగుదల పటములును, ఛాయాచిత్రములును దానికి ప్రాణము. దూరదేశములనుండియు యువవైద్యులు బాల్టిమోరునకు వచ్చి ఆయనయొద్ద నేర్చిరి. ఫ్రాన్సునుండి వచ్చిన క్లోడ్ మిజియాను అచ్చటనే స్థిరపడెను. బాంజియొవాని యను శిష్యుడు ఫిలడెల్ఫియాకు పోయి, తన సహచరునితో కలిసి, మేము పైన తూము అని చెప్పినది ఏ రసాయనిక క్రియయందు మూసికొనుచున్నదో కనిపెట్టెను. గ్రంబాకు, వాన్ వైకు, క్రిగ్లరు, బ్లిజార్డు మున్నగువారు ఒక్కొక్క నగరమున ఒక్కొక్క శాఖను నెలకొల్పిరి లేక నడిపిరి.

1958వ సంవత్సరమున విల్కిన్సు మఱియొక హెచ్చరిక చేసెను. గర్భస్రావమును ఆపుటకై గర్భిణులకు వైద్యులిచ్చుచుండిన కొన్ని కృత్రిమ హార్మోనులు కడుపులోని ఆడుశిశువుల శరీరమున పురుషచిహ్నములను కలిగించుచున్నవని ఆయనయు, సహచరులును దృష్టాంతములతో తెలిపిరి. తల్లికి మేలని యిచ్చిన మందు బిడ్డకు కీడు చేయవచ్చునని థాలిడొమైడు ఉపద్రవమునకు ముందే ఎఱిగించిన మాటలలో నిది యొకటి.

మెచ్చుకొనదగినవి చెప్పి తక్కినవి దాచుట చరిత్ర కాదు. ఆడో మగో స్పష్టముగా తెలియని శరీరముతో పుట్టిన శిశువుల విషయమున, తొలిదశలోనే ఒక నిర్ణయము చేసి, దానికి తగినట్లు శస్త్రచికిత్స చేసి, ఆ సంగతిని పిల్లలకు ఎక్కువగా తెలుపక పెంచుట మేలని ఆ కాలమున వైద్యులు తలంచిరి. ఆ మతము బలపడినది విల్కిన్సు ప్రోత్సాహముతో జాన్స్ హాప్కిన్సులో జరిగిన పనివలననే. అట్లు పెరిగిన వారిలో కొందఱు 1990 తరువాత ముందునకు వచ్చి, తమ శరీరమును గూర్చి తమ్మడుగక చేసిన నిర్ణయములవలన తాము పడిన బాధను బహిరంగముగా చెప్పిరి. అప్పటినుండి వైద్యులలోను ఆ పద్ధతిపై తీవ్రమగు చర్చ జరిగినది. అలమరవైపు వ్రేలు చూపిన పిల్లవాని కోరికను అర్థము చేసికొనుటకు అంత శ్రమపడిన వైద్యశాల, ఈ పిల్లల కోరికకై వేచి యుండలేదు. ఆయన దయాళువగుటలో మాకు సందేహము లేదు. దయ యొక్కటియే అన్ని వేళల చాలదేమోనని ఈ ఘట్టమును చదివినప్పుడు మాకు తోచినది.

ఆయన 1960లో పదవినుండి విరమింపగా బ్లిజార్డు ఆ స్థానమునకు వచ్చెను. 1963లో విల్కిన్సు మరణించెను. పిట్యూటరీనుండి తీసిన పెరుగుదల హార్మోనును పొట్టిపిల్లల కిచ్చుట అప్పుడప్పుడే ఆరంభమైన దినములవి. 1958లో బోస్టను నగరమున రాబెను అను వైద్యుడు దానిని మొదట వాడెను. ఆ కథ వేరు, దాని కష్టములును వేరు. పిల్లల హార్మోను వైద్యులు అమెరికాలో 1970 దరిదాపున స్థాపించుకొన్న సంఘమునకు విల్కిన్సు పేరే పెట్టుకొనిరి. 2010 వఱకు ఆ సంఘము ఆ పేరుతోనే నడచెను.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి ఈ శతాబ్దమున అయిదు నగరములలో లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షింపజేసెను. ఆ నగరములలో హైదరాబాదు ఒకటి. థైరాయిడు లోపమును, అడ్రినలు గ్రంథిలోని ఈ పుట్టువ్యాధియును అందు వెదకిన రెండు సంగతులు. పుట్టువ్యాధి ఇంచుమించు 5,700 మంది శిశువులలో ఒకరికి కానవచ్చినది. పరీక్షకు కావలసినది శిశువు మడమనుండి తీసి కాగితముపై ఆరబెట్టిన కొన్ని రక్తపుబొట్లు మాత్రమే. వ్యాధి యున్నదని తేలిన శిశువులకు హార్మోను మందులతోపాటు, ఉప్పు నిలువనివారైనచో, పాలలో కొలిచి కొంచెము ఉప్పు కలిపి పట్టుదురు.